మస్కట్ ఎంత దూరముంటది మామా?

కోరుట్ల,
శ్రావణమాసం.

మహారాజశ్రీ మేనమామ మల్లేశం గారి దివ్యసముఖమునకు, మేనల్లుడు శ్రీహరి రెండు చేతులు, రెండు మోకాళ్లు, ఒక నొసలు నేలకు ఆనించి చేసుకొను క్షమాపణ ఏమనగా,

ముందుగాల పుట్టినందుకు క్షమించాలె. పుట్టినోన్ని ఊకోక డిగ్రీ చదివినందుకు క్షమించాలె. చదివి సర్కారు నౌకరి తెచ్చుకోకుండ, కోరుట్ల బస్టాండు ముంగట విమానం టికెట్లు తీసే దుకాణంల కంప్యూటర్ ముందు కూసున్నందుకు మరింత క్షమించాలె. ఈ ఉత్తరంల రాబోయే ప్రతి అక్షరానికి, దాని కింద వేలాడే ప్రతి ఒత్తుకు ముందస్తుగనే క్షమించాలె.

నువ్వు నన్ను ఫోన్ల బ్లాక్ చేసి, "మా కంపెనీల తప్పు చేసినోడు కాయితం మీద రాసి సంతకం పెడ్తడు. శ్రీహరిగాడు సుత రాయాలె. అప్పటిదాంక వాని గొంతు నాకు ఇనవడొద్దు" అని తిరుమల అత్తకు చెప్పినవట. ఎనభై మంది మీద ఫోర్‌మన్‌వి, నీ కానూను నీది. అందుకే ఈ కాయితం. ఛుట్టీ అయిపోయి మస్కట్ వాపసు వస్తున్న మీ క్యాంపు మల్యాల నర్సన్న చేతికి మామిడికాయ తొక్కు డబ్బతో పాటు ఇస్తున్న. తొక్కు మీ చెల్లె, అంటే మా అమ్మ పెట్టింది. దాంట్ల నా తప్పు ఏం లేదు.

ఇగ నేరం సంగతి. "నా బిడ్డ రచన పెండ్లి ఖాయం చేసుకునే పూలుపండ్లనాడు శ్రీహరిగాడు కావాలని ఫోన్ కట్ చేసిండు" అని గదా నీ ఫిర్యాదు. జరిగింది జరిగినట్టు చెప్త.

ఆనాడు సిరిసిల్లల మీ ఇంట్ల పిల్ల తండ్రి కూసోవాల్సిన కుర్చీ మీద కొత్త తువ్వాల పరిచి, నువ్వు కనవడే ఫోన్‌ను దాని మీద పెట్టిండ్రు. పడిపోకుండ వెనుక ఒక చెంబు ఆనిచ్చిండ్రు. పిల్లగాని దిక్కు పెద్దమనుషులు ఒక్కొక్కరే వచ్చి నీకు దండం పెట్టిండ్రు. దగ్గర చూపు లేనోళ్లు చెంబుకు పెట్టిండ్రు. అటు మస్కట్ల నీ పక్కన పిల్లగాని తండ్రి ఆగయ్య. ఇటు చాప మీద పిల్లగాడు రమేశ్. అంత మంచిగనే నడుస్తున్నది.

గప్పుడు నిన్ను కన్న కొమురవ్వ, మా అమ్మమ్మ, "నా కొడుక్కు బొట్టు పెట్టకుండ పూలుపండ్లేంది" అని లేచింది. నువ్వేమో అక్కడ ఫోన్ ఎట్ల పట్టుకున్నవో గాని, స్క్రీన్ నిండ మీ క్యాంపు రేకుల కప్పే. నీ నొసలు కింది అంచుకు అందీఅందక ఉన్నది. అమ్మమ్మ కుంకుమల వేలు ముంచి నీ నొసటి మీద బరాబర్ ఒత్తింది. కాల్ బంద్ చేసే ఎర్ర గుండు సుత అక్కడనే ఉంటది.

"అయ్యో, నా కొడుకు నల్లగయ్యిండు!" అన్నది.

అత్త మళ్ల కలిపేటాళ్లకు మీ దిక్కు నెట్ పోయింది. పిల్లగాని దిక్కు ముసలాయన ఒకాయన "బొట్టు పెట్టంగనే పిల్ల తండ్రి మాయమాయె, శకునం మంచిగ లేదు, మాఘమాసంల చూద్దాం" అని లేచిండు. పూలు, పండ్లు వచ్చిన సంచిలనే వాపసు పోయినయి.

గా టైముకు నేను వంటకాడ గారెలు తింటున్న. సాక్షి నా కడుపు.

ఇదీ నా క్షమాపణ. ఇది నచ్చకపోతె దీనికి సుత ఇంకో క్షమాపణ రాసుకుంట.

చిత్తగించవలెను,
శ్రీహరి

తా.క. ఫోన్ ఆరిపోయినంక నీ బిడ్డ అందరి ముందట ఒక మాట అన్నది. అది నీకు చేరవేసే అధికారం నాకు లేదు.


మస్కట్,
సెప్టెంబర్.

శ్రీహరికి మామ రాయునది.

తొక్కు ముట్టింది. ఉత్తరం ముట్టింది. తొక్కు మంచిగున్నది. ఉత్తరం మంచిగ లేదు. గిది క్షమాపణ గాదు, ఎకసెక్కం. మా సైటు మీద ఎవడన్న గిట్ల రాస్తె ఎండల నిలవెడ్త.

బొట్టు కత నర్సన్న సుత చెప్పిండు, నవ్వుకుంట. మీకు నవ్వు. ఆనాడు మా రూంల మనోళ్లంత కూసున్నరు. స్వీటు డబ్బలు ఇప్పి పెట్టినం. ఆగయ్య కొత్త అంగి తొడుక్కున్నడు. నా బిడ్డ ముఖం ఇప్పుడిప్పుడే కనవడవట్టె. ఎర్రగ ఒక వేలు మీదికి అచ్చింది. ఫోన్ నల్లగయ్యింది. అందరు తిరిగి నా ముఖం చూసిండ్రు. ఇజ్జత్ పోయింది రా.

ఆగయ్య అంటె ఎవరనుకుంటున్నవు? బట్ట నేసే కరెంటు సాంచాలు బంద్ పెట్టి సిరిసిల్ల నుంచి నేను అచ్చిన కొత్తల నాకు రూంల మంచం లేకుండె. ఆగయ్యది పగటి డ్యూటి, నాది రాత్రి డ్యూటి. ఆయన లేస్తె నేను పండుకునేది, నేను లేస్తె ఆయన. రెండేండ్లు ఒకటే మంచం. ఆయన చెమట ఆరకముందే నేను ఒరిగేది. గసొంటి మనిషికి, నా బిడ్డను నీ ఇంటికి ఇస్త అని మాట ఇచ్చిన. రమేశ్‌కు సుత మా కంపెనీలనే వీసా ఖాయమైంది. పెండ్లయినంక ఇక్కడికే అస్తడు. ఇంక ఏం కావాలె దానికి?

నేను రాలేదని మీ అమ్మ ఏడ్సిందట. రానీకి ఇది కోరుట్ల జగిత్యాల బస్సా? నడిమిట్ల సముద్రమున్నది. ఫ్యాను కింద కూసోని బటన్లు ఒత్తెటోనివి, దూరమంటె నీకేం ఎరుక.

నా బిడ్డ ఏమన్నది? నిజం రాయి.

మామ,
మల్లేశం

ఇంకోటి. ఇంటికి ఫోన్ చేసినప్పుడల్ల వెనుక టకటక సప్పుడు ఇనవడ్తది. మీ అత్తనడిగితె పక్కింటోళ్ల సాంచాలు అంటది. పక్కింటోళ్లు సాంచాలు అమ్ముకోని భీమండి పోయి ఏండ్లాయె గద?


జగిత్యాల, బస్టాండుల బెంచి,
దసరా పోయిన వారం.

పూజనీయ మామకు,

"దూరమంటె నీకేం ఎరుక" అని అడిగినవు గనుక, సదరు దూరం మీద నేను జరిపిన పరిశోధనను తమరి పాదాల కాడ పెడుతున్న. కోరుట్ల బస్సు ఇంక రాలేదు, టైము మస్తున్నది.

శంషాబాద్ ఎయిర్‌పోర్టు నుంచి మస్కట్ ఎయిర్‌పోర్టుకు గాలిల రెండువేల రెండువందల కిలోమీటర్లు, జెర అటుఇటు. మధ్యల ఎక్కడ ఆగకుంటె విమానం మూడున్నర గంటలల్ల దించుతది. మీ గడియారం మాకంటె గంటన్నర వెనుక గనుక, ముల్లు చూసుకుంటె రెండు గంటలే. సిరిసిల్ల నుంచి శంషాబాద్‌కు బస్సుల నాలుగు గంటలు దాటుతది. సిద్దిపేటల డ్రైవర్ చాయ్‌కు దిగితె ఆ లెక్క సుత దేవుని చేతిల ఉంటది. దీన్ని బట్టి తేలింది ఏందంటె, శంషాబాద్ దాంక వచ్చిన మనిషికి మస్కట్ దగ్గర, సిరిసిల్ల దూరం. డిగ్రీ చదివినోని మాట, నమ్మాలె.

పోయిన నెల మా దుకాణానికి మా దిక్కు ఇబ్రహీంపట్నం నుంచి ఒకామె ఉరికొచ్చింది. అత్త చచ్చిపోయింది, మొగడు రియాద్‌ల ఉన్నడు. పొద్దుగూకంగ టికెట్ తీసినం. తెల్లారి మధ్యాహ్నానికి వాడు పాడె మోస్తున్నడు. వానికి సముద్రం అడ్డం రాలె. మనిషి చస్తెనే దూరం తగ్గుతదా మామా? బతికున్నోళ్లకు ఏదన్న రాయితీ లేదా?

ఇగ నీ బిడ్డ అన్న మాట. అధికారం లేదని చెప్పిన గదా. రచననే అడిగిన. "రాయి బావా, ఒక్క అక్షరం తగ్గియ్యకు" అన్నది. రాస్తున్న.

ముసలాయన మాఘమాసం అనంగనే చాప మీద తల వంచుకోని కూసున్న పిల్ల తల ఎత్తింది.

"తాతా, పెండ్లయినంక రమేశ్ ఏడ ఉంటడు?"

"మస్కట్ల, బిడ్డ. మంచి నౌకరి."

"మరి నేను?"

"నువ్వు ఇక్కడనే. రోజు ఫోన్ చేస్తడు గద."

"నాకు ఫోన్ల బాపు ఒక్కడు సాలు తాతా. ఫోన్ల మొగడు సుత వద్దు."

అమ్మమ్మ కొంగు నోట్లె కుక్కుకున్నది. నవ్వు ఆపుకున్నదో, ఏడుపు ఆపుకున్నదో తెల్వదు. అత్త నేల చూసింది. రమేశ్ తన సెల్‌ఫోన్ జేబుల పెట్టుకున్నడు.

టకటక సప్పుడు సంగతి మాత్రం నన్ను అడగొద్దు. ప్రాణం పోయిన నేను చెప్పను. నువ్వు తాళం పెట్టి పోయిన షెడ్డు తలుపు రచన పోయిన ఉగాదికే పగులగొట్టిందని, నాలుగు సాంచాలల్ల రెండు బాగుచేయించి నడుపుతున్నదని, నీ ఫోన్ వచ్చినప్పుడల్ల అత్త ఉరికిపోయి బంద్ చేసేలోపు నీకు ఇనవడుతున్నదని, ఇసొంటి ఇంటి రహస్యాలు నా నోటి నుంచి రానే రావు.

విధేయుడు,
శ్రీహరి


మస్కట్,
నవంబర్.

శ్రీహరి,

నీ ఉత్తరం సదివి రెండు దినాలు కనవడ్డోన్నల్ల తిట్టిన. సైటు మీద పోరగాండ్లు భయపడ్డరు.

సాంచాలా? గవి నడిపి నడిపి నా చెవులు పోయినయి, నడుము పోయింది, ఆఖరికి నన్ను తెచ్చి గీ ఇసుకల పడేసినయి. ఆ తలుపుకు తాళం ఏసింది ఎందుకు? నా బిడ్డ మళ్ల దాని ముందట నిలవడొద్దని. మీరంత కలిసి నాతోటి నాటకమాడిండ్రు. నన్ను కన్న అవ్వ సుత. ఉగాది సంది "పక్కింటోళ్లు, పక్కింటోళ్లు."

ఏ రెండు నడుపుతున్నది? తలుపు కాడిదైతె దానికి నూలు మోసే నాడె ఎగిరి పడ్తది, చెయ్యి పైలం అని చెప్పు. నేను చెప్పిన్నని చెప్పకు.

ఇగ నీ సంగతి. నాకు సమజైంది. మరదలిని నువ్వే చేసుకుందామని గదా గిదంత? ఆగయ్య సుత గదే అన్నడు. "నీ మేనల్లుడే చెడగొడ్తున్నడు" అని. మాటలు నేర్పింది నువ్వు. తాళం పగులగొట్టిచ్చింది నువ్వు. ఫోన్ కట్ చేసింది సుత నువ్వే, మా అవ్వ వేలు నువ్వే పట్టి ఒత్తిచ్చినవు.

మల్లేశం


కోరుట్ల,
కార్తీకమాసం పోయే ముందు.

మామకు,

నీ అనుమానాన్ని రచనకు చదివి వినిపించిన. సాంచా బంద్ చేసి మరీ నవ్వింది. "గీ కోతి బావను చేసుకునుడు కంటె, తలుపు కాడి సాంచాకు పుస్తెలు కట్టిచ్చుకుంట" అన్నది. నాకు బాధ అయింది. సాంచాకు సుత అయి ఉంటది.

కొండగట్టు అంజన్న సాక్షి, నాకు ఆ ఆలోచన లేదు. ఉంటె దర్జాగ మా అమ్మను పంపుదును. ఇట్ల కాయితాలు ఖరాబు చెయ్యకపోదును.

నడిచే రెండిట్ల ఒకటి తలుపు కాడిదే. చెయ్యి పైలం అని చెప్పిన. నువ్వు చెప్పినవని చెప్పలేదు. "బాపుకు దాని సంగతి ఇంక యాదికున్నదా?" అని అడిగింది. నేను గోడకున్న క్యాలెండర్ చూసిన.

ఈసారి ఎకసెక్కం తక్కువ రాస్తున్న, గమనించాలె. మొన్న నర్సన్న టికెట్ పనికి మా దుకాణానికి ఫోన్ చేసిండు. మాటల మాటల "మల్లన్నకు బిడ్డ పూలుపండ్లకు కంపెనీ ఛుట్టీ మంజూరు చేసింది గద, ఆయననే వద్దని వాపసిచ్చిండు" అన్నడు. అనంగనే నాలుక కరుచుకున్నడు, నాకు ఇనవడ్డది.

నేను రెండువేల రెండువందల కిలోమీటర్లు కొలిచి పెట్టిన. సముద్రం అన్నవు. దాని మీదికెళ్లి విమానం పోతదని చూపెట్టిన. గిప్పుడు సముద్రం లేదు, కంపెనీ లేదు. మరి ఏమున్నది మామా మధ్యల?

శ్రీహరి


మస్కట్,
డిసెంబర్.

శ్రీహరికి,

నర్సన్నతోటి మాట బంద్ చేసిన. వాడు ఇక నా చాయ్ తాగడు.

అవును. ఛుట్టీ ఇచ్చిండ్రు. నేనే వద్దన్న.

పోయినసారి ఇంటికి అచ్చినప్పుడు నువ్వు లేవు. తెల్లారి లేచి చేతిల సబ్బు పట్టుకోని నడుస్తున్న. నా బిడ్డ ఎదురచ్చి, "బాపూ, అటు గాదు, బాత్‌రూమ్ ఇటున్నది" అని తొవ్వ చూపెట్టింది. మంచిగనే చెప్పింది. మర్యాదగనే చెప్పింది. నేను ఇక్కడ ఉండి కట్టిచ్చిన ఇల్లు అది. దాంట్ల లైటు బటన్లు ఏడున్నయో నాకు తెల్వదు. ఇక్కడ సీటీ ఊదితె ఎనభై మంది లేస్తరు. అక్కడ నేను కూసుంటె మీ అత్త "కుర్చీ తెప్పియ్యాలెనా?" అని అడుగుతది, సుట్టాన్ని అడిగినట్టు. అందుకే ఫోన్ల అస్త. ఫోన్ల నేను ఎప్పుడు కరెక్టు జాగల్నే ఉంట.

గిది నువ్వు ఎవ్వరికి సదివి ఇనిపియ్యొద్దు.

గని మాట మాటనే. మాఘంల పూలుపండ్లు అయితయి. ఫోన్లనే అయితయి. అది వద్దన్న ముచ్చట నీ రాతల నాకు వద్దు. నువ్వు కడుపుల చెయ్యి పెట్టి మాటలు తీసెటోనివి, నీ మీద నమ్మకం లేదు. దానికి ధమ్ముంటె నా ముందటికి అచ్చి, నా ముఖం చూసి, "బాపూ, నాకు వద్దు" అనుమను. గట్ల అంటె ఆగయ్యకు నేనే చెప్త, నా తప్పు అని కాయితం మీద రాసిచ్చి సంతకం పెడ్త. అనది. ఎట్ల అంటది? నేను రాను. అది రాలేదు. ఇగ గీ ముచ్చట బంద్.

మల్లేశం


సిరిసిల్ల, మీ ఇల్లు, సాంచాల షెడ్డు,
పుష్యమాసం.

మామకు, శ్రీహరి దండం పెట్టి రాయునది.

నీ ఉత్తరం పట్టుకోని సిరిసిల్ల వచ్చిన. "ఎవ్వరికి సదివి ఇనిపియ్యొద్దు" అన్న భాగాన్ని సదవలేదు. నీ ఆజ్ఞను శిరసావహించిన. ఆ పేజీని రచన చేతికి ఇచ్చిన, ఆమె సొంతంగ సదువుకున్నది. సదివినంక మడిచి జాకెట్ల పెట్టుకున్నది, నాకు వాపసు ఇయ్యలె. ఆఖరి పేజీ మాత్రం అందరికి గట్టిగ సదివిన.

షెడ్డుల సప్పుడు ఆగిపోయింది. రచన చేతులకు అంటిన నూనె తుడుసుకుంట బయటికి వచ్చింది.

"బావా, బాపు మాట మీద నిలవడ్తడా?"

"మాట కోసమే గదా గింత లొల్లి."

"మస్కట్‌కు ఎంతసేపు పడ్తది?"

"మూడున్నర గంటలు."

"గంతేనా? కరీంనగర్ పోయి నూలు తెచ్చుకునేటాళ్లకు గంత అయితది." లోపలికి పోయి చేతులు కడుక్కున్నది.

ఇగ మొదలైంది అమ్మమ్మ. "ఆడిపిల్ల ఒక్కతే ఎట్ల పోతది? గాలిల ఏమన్న అయితె?"

"బాపు ఒక్కడే పోలేదా అవ్వా?"

"వాడు మొగోడు."

"మొగోడు పోయి ఏమైంది? వాపసు వచ్చే తొవ్వ మర్చిపోయిండు. నాకు ఇల్లు యాదికుంటది. నేను వస్త."

అమ్మమ్మ నా దిక్కు తిరిగింది. కొద్దిసేపు నన్ను తిట్టింది. నీ తల్లి గదా, తిట్లు మీ ఇంటి తీరుగనే ఉన్నయి. అత్త లేచింది. లోపలికి పోయి రచన పాస్‌పోర్టు తెచ్చి నా ముందట పెట్టింది. డిగ్రీల ఉన్నప్పుడు దోస్తులతోటి కలిసి తీసుకున్నదట, నీకు చెప్పలేదట. ఈ ఇంట్ల నీకు చెప్పనియి జమ చేస్తె ఇంకో ఇల్లు కట్టొచ్చు మామా. వీసాకు అర్జీ పెట్టింది ఆమెనే. సొమ్ము సాంచాలది. అక్కడ దిగినంక ఉండనీకి మా కోరుట్ల సంధ్యారాణి అక్క ఉన్నది, మస్కట్ దవాఖానల నర్సు. తన రూంల పండుకోబెట్టుకుంట అన్నది. ఎయిర్‌పోర్టు నుంచి మీ క్యాంపు గేటు దాంక తనే తీసుకొస్తది. పిల్ల ఒక్కతే అని నువ్వు పరేషాన్ గావద్దు. పరేషాన్ అయ్యేటందుకు నీకు వేరే సంగతి ఉన్నది.

అమ్మమ్మ ఆఖరికి ఒక మాట చెప్పి పంపింది. "నా కొడుకును ఏం అనకు బిడ్డ. నీ మాట మాత్రం ఇడవకు." ఈ రెండు ఎట్ల కుదురుతయో ఆమెకే తెల్వాలె. రచన సరే అన్నది.

ఒక సంగతి ముందే చెప్తున్న. ఆమె ఏడ్వనీకి రావట్లేదు. బతిమాలనీకి రావట్లేదు. నువ్వు కోపం చేస్తె ఇంటది, కొట్టనీకి లేస్తె నిలవడ్తది. అరిచి అరిచి నువ్వు అలిసిపోయినంక అన్న మాటనే మళ్ల అంటది. ఆగయ్యను పిలిచి కూసోవెట్టు. ఆయన మంచం రుణం నీది, ఆమెది గాదు. ఆమె పండుకోలేదు దాని మీద.

ఇగ ఈ ఉత్తరం. దీన్ని నర్సన్న చేతికి ఇయ్యలె. పోస్టుల ఎయ్యలె. నీ చేతికి ఎవరు ఇచ్చిండ్రో నువ్వు చూడనే లేదు, నా అక్షరాలు చూడంగనే కోపానికి గబగబ సదువుడు మొదలుపెట్టి ఉంటవు. తల ఎత్తు మామా.

చూసినవు గదా. ఎండల నిలవెట్టకు, నీడకు పిలువు. ఆమె మాట అయ్యేదాంక ఈ కాయితం జేబుల పెట్టుకో. మిగిలింది తర్వాత సదువు.

సదువుతున్నవా? సరే. ఫోన్ నేను కట్ చెయ్యలేదు. తాళం నేను పగులగొట్టలేదు. ఆమెకు మాటలు నేర్పలేదు, ఆమె దగ్గర నేనే నేర్చుకున్న. పొమ్మని సుత నేను అనలేదు, నువ్వే రమ్మన్నవు, నీ చేతిరాత నా దగ్గర ఉన్నది. నువ్వు నా మీద పెట్టిన నేరాలల్ల ఒక్కటి సుత నాది గాదు. నేను చేసింది ఒక్కటే. మీ కంపెనీ కానూను ప్రకారం ఒప్పుకోని, కింద సంతకం పెడుతున్న.

ఆ టికెట్ తీసింది నేను. ఏ సీటైతేంది బావా అన్నది. కిటికీ పక్కది తీసిన.

శ్రీహరి